వాంతి మాత్రలనూ లెక్కలో రాయండి
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మందుల సాయం అనగానే మనకు గుండె మందులు, షుగరు మందులు గుర్తుకొస్తాయి. వాంతి మందు ఎవరికీ గుర్తు రాదు. మేము డాక్టర్లం కాము, పాఠాలు చెప్పుకునేవాళ్లం. అయినా ఇవాళ దాని గురించే మాట్లాడదలచాం.

వాంతి దానంతటది జబ్బు కాదు. మెదడు అడుగుభాగంలో దానికో కేంద్రం ఉంది. అక్కడికి కబురు చాలా దారుల్లో చేరుతుంది. చెడిపోయిన తిండి తింటే పేగుల నుంచి, బస్సు కుదుపులకు లోపలి చెవి నుంచి, కిడ్నీలు పాడైతే రక్తం నుంచి. ఏ దారికి ఆ మందే పనిచేస్తుంది. ఘాట్ రోడ్డు ఎక్కాక వాంతి మొదలైతే అప్పుడు మాత్ర వెతుకుతాం. సిన్నరిజిన్, ప్రొమెథజిన్ లాంటివి బయలుదేరకముందే వేసుకోవాలి. వీటితో నిద్ర ముంచుకొస్తుంది కాబట్టి బండి నడిపేవాళ్లు ముట్టకూడదు. ఆసుపత్రుల్లో ఎక్కువగా ఇచ్చే ఆండాన్‌సెట్రాన్ ప్రయాణపు వాంతికి పెద్దగా పనిచేయదు.

మెటోక్లోప్రమైడ్ అని ఇంకొకటుంది. అది పడక కొందరు పిల్లలకు, కుర్రవాళ్లకు మెడ ఒక పక్కకు బిగుసుకుపోయి కళ్లు పైకి తిరుగుతాయి. చూసినవాళ్లు ఏదో సోకిందని తాయెత్తు కోసం పరుగెత్తుతారు. అది మందు చేసిన పని. డాక్టరు ఇచ్చే ఇంజెక్షన్‌తో సర్దుకుంటుంది. వేవిళ్లకైతే సొంత వైద్యం అసలే వద్దు. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్‌ను గర్భిణులకూ ఇచ్చారు. 1961లో దాన్ని ఆపేసేలోగా కడుపులోని వేలాది బిడ్డలకు కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడలేదు.

పసిపిల్లల వాంతి విరేచనాల్లో ప్రాణం తీసేది ఒంట్లో నీరు పోవడమే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి మరణాలను నూటికి 30 నుంచి 4 లోపుకు దించారు. బిడ్డ కక్కుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. గ్లాసుతో గటగటా తాగిస్తే మళ్లీ కక్కేస్తాడు. పండ్లరసం డబ్బా మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్మడంపై హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ రాతను నిషేధించింది. పచ్చటి వాంతి, నెత్తురు వాంతి, మూత్రం రాకపోవడం కనిపిస్తే మాత్రం ఆసుపత్రికే.

ఇక అసలు మాటకొస్తాం. క్యాన్సర్ రోగికి కీమో ఖర్చు మనం కడుతున్నాం. ఆసుపత్రిలో ఉన్నంతసేపు వాంతి ఆగే ఇంజెక్షన్ ఇస్తారు. సిస్‌ప్లాటిన్ లాంటి మందులతో రెండో రోజు, మూడో రోజు వాంతులు మళ్లీ పెరుగుతాయి. అప్పటికి రోగి ఊళ్లో ఉంటాడు. ఇంటికి రాసిచ్చిన మాత్రల్లో అప్రెపిటాంట్ ఖరీదైనది, అందుకే చాలామంది కొనకుండా వదిలేస్తారు. మూడు రోజులు మెతుకు దిగని మనిషి తర్వాతి విడతకు రానంటే మొండితనం అనుకుంటాం. మందు పనిచేస్తున్నా వైద్యం అలా మధ్యలో ఆగిపోతుంది.

అందుకని మా కోరిక ఒక్కటే. కీమో చీటీకి సాయం రాసేటప్పుడు, కింద ఉన్న వాంతి మాత్రల ధరను కూడా కలిపి రాయండి.