‘ఇక్కడ ఎస్సీలు లేరమ్మా’: అండమాన్‌లో డిగ్రీ చదవబోయే తెలుగు పిల్లలతో

(అండమాన్‌లో పన్నెండో తరగతి పూర్తిచేసిన తెలుగు విద్యార్థులతో మాట్లాడిన ప్రసంగ పాఠం)



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వాళ్లతో వచ్చిన అమ్మానాన్నలూ! ఇంజనీరింగా, నర్సింగా, లేకపోతే ఏదో ఒక పనిలో చేరడమా అని మీ ఇళ్లలో ఇప్పుడు వాదన నడుస్తూ ఉంటుంది. “ఏ సీటూ రానివాళ్లే బి.ఏ.కి పోతారు” అనే మాట మా ఇంట్లోనూ విన్నాను. ఆ బి.ఏ. చదివిన మనిషిగానే ఈరోజు మీ ముందు నిలబడ్డాను.

ముందు కాలేజీ సంగతి. జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయ, మనందరం పిలిచే జె.ఎన్.ఆర్.ఎం. పేరులో ఉన్న ‘రాజకీయ’ అంటే హిందీలో ‘ప్రభుత్వ’ అని అర్థం. మా నాన్న మాత్రం అది నాయకుల్ని తయారుచేసే కాలేజీ అని చాలాకాలం అనుకున్నాడు! 1967లో ఇది మొదలైంది. ఇక్కడినుంచి చెన్నై దాదాపు 1,200 కిలోమీటర్లు, విశాఖ కూడా ఇంచుమించు అంతే. ఓడ ఎక్కితే రెండు మూడు రోజుల ప్రయాణం. ఓడ టికెట్టు, హాస్టల్ ఖర్చు భరించలేని ఇంటి పిల్లలకు ఇక్కడే ఒక ప్రభుత్వ కాలేజీ ఉండడమంటే ఏమిటో వేరే చెప్పాలా? కూలి బిడ్డ, జాలరి బిడ్డ ఇంట్లో తిని, బస్సెక్కి వెళ్లి డిగ్రీ చదువుకోవచ్చు.

ఈ కాలేజీ మొదట చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం కింద ఉండేది. 1985లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఏర్పడిన తర్వాత దాని పరిధిలోకి వచ్చింది. ఆర్ట్స్, సైన్స్, కామర్స్ మూడూ ఉన్నాయి. ఉత్తర, మధ్య అండమాన్ పిల్లలకు మాయాబందర్‌లో 1990లో మహాత్మాగాంధీ ప్రభుత్వ కళాశాల వచ్చింది. టీచర్ కావాలనుకుంటే టాగోర్ ప్రభుత్వ విద్యా కళాశాల ఉంది. ఇంజనీరింగ్‌కు బాబాసాహెబ్ పేరుతోనే ఒక సంస్థ ఉంది.

బాబాసాహెబ్ పేరుతో సంస్థ ఉన్న ఈ దీవుల్లో ఎస్సీల జాబితా మాత్రం లేదు. ఇప్పుడు దాని గురించి చెబుతాను.

మాది శ్రీకాకుళం జిల్లా. ఊళ్లో మా ఇల్లు మాలపేటలో ఉండేది. నాన్న కూలిపనికి ఈ దీవులకు వచ్చాడు. సముద్రం దాటాక కులం పోయిందని ఆయన నమ్మకం. డిగ్రీలో ఉండగా స్కాలర్‌షిప్ కోసం ఒక కార్యాలయానికి వెళ్లాను. కౌంటర్ దగ్గర కూర్చున్నాయన, “ఇక్కడ ఎస్సీలు లేరమ్మా” అన్నాడు. కసురుకోలేదు, ఎగతాళి చెయ్యలేదు. ఈరోజు ఓడ లేదు అన్నంత మామూలుగా చెప్పాడు. ఏం అడగాలో తెలియక ఇంటికొచ్చేశాను.

అడగాల్సిన ప్రశ్న నాకు పొలిటికల్ సైన్స్ క్లాసులో దొరికింది. రాజ్యాంగం 341వ అధికరణం ప్రకారం షెడ్యూల్డ్ కులాల జాబితాను ఒక్కో రాష్ట్రానికి, ఒక్కో కేంద్రపాలిత ప్రాంతానికి విడిగా ప్రకటిస్తారు. అండమాన్‌కు అలాంటి జాబితా లేదు. అందుకే 2011 జనగణనలో ఇక్కడ ఎస్సీల జనాభా సున్నా. అదే జనగణనలో దాదాపు 3.8 లక్షల జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 50 వేలు. ఆ 50 వేలమందిలో ఒక్క మాల, ఒక్క మాదిగ ఇల్లు కూడా లేదా? ఉన్నాం. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు అందరికీ గుర్తొస్తాం. రిజిస్టర్‌లోనే ఉండం.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగంవల్ల బొంబాయి చేరిన మర్రి చంద్రశేఖరరావు అనే విద్యార్థి కేసులో 1990లో సుప్రీంకోర్టు, ఒక రాష్ట్రంలోని ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్లిన మరో రాష్ట్రంలో రిజర్వేషన్‌కు చెల్లదని చెప్పింది. 2018లో బీర్‌సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనమూ రాష్ట్రాల విషయంలో అదేమాట నిలబెట్టింది. పొట్టకూటికి ఊరు వదిలినవాళ్లు హక్కును కూడా ఊళ్లోనే వదిలిరావాలా? ఈ ప్రశ్న మీద పరిశోధనలు రావాలి. అవి మీలో ఒకరు రాయాలి.

అందాకా చెయ్యాల్సిన పని ఒకటుంది. వలస కుటుంబాల పిల్లలకు, తండ్రి సొంత రాష్ట్రంలో తీసుకున్న అసలు సర్టిఫికెట్ ఆధారంగా కుల ధ్రువపత్రం ఇవ్వవచ్చని కేంద్రప్రభుత్వ ఉత్తర్వులున్నాయి. ఇక్కడి సీట్లకు అది పనికిరాకపోయినా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి కేంద్ర సంస్థల్లో ఎస్సీలకున్న 15 శాతం సీట్లకు పనికొస్తుంది. కాబట్టి ఈసారి నాన్న ఊరెళ్తే ముందు తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లమనండి. మిమ్మల్ని గుర్తుపట్టే పెద్దలు ఊళ్లో ఉండగానే ఆ పని అయిపోవాలి. నేను ఎం.ఏ. చదవడానికి మెయిన్‌లాండ్ వెళ్లగలిగింది ఆ కాగితంతోనే.

బి.ఏ. ఎందుకని మళ్లీ అడుగుతారా? బాబాసాహెబ్ కొలంబియాలో అర్థశాస్త్రంతోపాటు చరిత్ర, సమాజశాస్త్రం, మానవశాస్త్రం చదివారు. కులం ఎలా పుట్టిందో విశ్లేషిస్తూ 1916లో ఆయన పత్రం చదివింది ఒక మానవశాస్త్ర సెమినార్‌లోనే. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల పెట్టినప్పుడు కూడా ఆర్ట్స్, సైన్స్‌లతోనే మొదలుపెట్టారు. మనల్ని లెక్కలోంచి తీసేసిన వాక్యాన్ని చదివి అర్థంచేసుకోవడం ఈ చదువులే నేర్పుతాయి.

అవే చదువులు మనల్నీ ప్రశ్నిస్తాయి. ఈ నేల మనకంటే ముందు అండమానీలది, ఓంగీలది, జరావాలది, సెంటినలీలది, నికోబారీలది, షోంపెన్‌లది. వాళ్లు ఎస్టీల జాబితాలో ఉన్నారు. అయినా గ్రేట్ అండమానీలు ఈరోజు కొన్ని పదులమందే మిగిలారు. జాబితాలో పేరు ఉంటే చాలదని కూడా ఈ దీవులే చెబుతున్నాయి. మన హక్కు అడిగే నోటితో వాళ్ల సంగతీ మాట్లాడాలి.

అప్లికేషన్‌లో కులం అని ఉన్న గడి వస్తే ఖాళీగా వదిలెయ్యకండి. ఎవరైనా ‘ఇక్కడ లేరు’ అంటే, ఏ అధికరణం ప్రకారం లేరో నెమ్మదిగా అడగండి. నేను ఆరోజు అడగలేకపోయాను. మీరు అడగగలరు.

జై భీమ్.