ఎవరికి ఎన్ని పుటలు: అహ్మదాబాద్ ఎలక్ట్రానిక్ సంగీతం, ఒక పుస్తక రూపకల్పన



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆ మాస్టారు చేతి కంపోజింగు రోజుల్లో అచ్చాఫీసులో అడుగుపెట్టారు. ఆఫ్‌సెట్ వచ్చి అక్షరాల కేసులూ కంపోజింగు స్టిక్కులూ మూలపడ్డాక కూడా ప్రూఫు దిద్దడం మానలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న పనిని ఈ రోజు ఆయన వినని ఒక సంగీతానికి పెట్టి చూస్తాను. ఒక ఊళ్లో పుట్టిన ఎలక్ట్రానిక్ సంగీతం గురించి తెలుగులో పుస్తకం వేయాలనుకుందాం. దాన్ని ఎలా కూర్చాలి?

నేను ఎంచుకున్న ఊరు అహ్మదాబాద్. అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1961లో మొదలైంది. చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక దానికి పునాది. గౌతమ్ సారాభాయ్, ఆయన చెల్లెలు గీరా సారాభాయ్ ఆ సంస్థను తీర్చిదిద్దారు. 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి అక్కడ ఎలక్ట్రానిక్ సంగీతపు స్టూడియో నెలకొల్పాడు. అందులో ప్రధాన యంత్రం మోగ్ మాడ్యులర్ సింథసైజర్. అదే ఏడు మన శ్రీహరికోట రాకెట్ ప్రయోగ కేంద్రానికి ఎంపికైంది. ఆ అంతరిక్ష కార్యక్రమానికి సారథి గౌతమ్, గీరాల సోదరుడు విక్రమ్ సారాభాయే.

1969 నుంచి 1972 వరకూ ఆ యంత్రం ముందు కూర్చుని పనిచేసిన వాళ్లలో ఐదుగురి పేర్లు చెప్పుకోవాలి: గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా. వాళ్లు చేసిన టేపులు సంస్థ భాండాగారంలో దశాబ్దాల పాటు ఉండిపోయాయి. లండన్‌లో ఉండే కళాకారుడు, సంగీతకారుడు పాల్ పర్గాస్ వాటిని వెలికితీశాడు. 2020లో బీబీసీ రేడియో 3లో కార్యక్రమం వచ్చింది, 2023లో ఆ సంగీతం రికార్డుగా వచ్చింది, 2024లో పర్గాస్ సంపాదకత్వంలో ‘సబ్‌కాంటినెంటల్ సింథసిస్’ అనే ఇంగ్లీషు వ్యాస సంపుటి వచ్చింది. నాకు తెలిసి తెలుగులో ఇంకా ఏదీ రాలేదు కనుక మనకు కాగితం ఖాళీగానే ఉంది.

రూపకర్త ముందు నిర్ణయించాల్సింది అట్ట కాదు, అక్షరం సైజు కాదు. కథ ఎవరిది అన్నది. ఈ చరిత్రను రెండు రకాలుగా పేర్చవచ్చు. ఒక రకం ఇది: మొదటి పుటలో ట్యూడర్ ఫొటో, ఎదుటి పుటలో మోగ్ యంత్రం, ఆ తర్వాత ‘భారతదేశానికి ఎలక్ట్రానిక్ సంగీతం వచ్చిన విధం’ అని శీర్షిక. ఒక్క వాక్యంలోనూ తప్పుండదు. అయినా పుస్తకం మొత్తం తప్పే చెబుతుంది. పాఠకుడు వాక్యాలకన్నా ముందు బొమ్మలు చూస్తాడు, ఎవరి బొమ్మ రెండు పుటల నిండా పరిస్తే ఆ కథ వాళ్లదే అనుకుంటాడు. ట్యూడర్ గొప్పవాడు కాదని నేను అనడం లేదు. అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ నిశ్శబ్ద రచనను 1952లో మొదటిసారి వేదిక మీద ప్రదర్శించిన పియానో కళాకారుడు ఆయనే. కానీ ఆయన వచ్చి, యంత్రం బిగించి, నేర్పి వెళ్లాడు. ఉండి పనిచేసినవాళ్లు వేరు. రెండో రకం పేర్పు వాళ్లతో మొదలవుతుంది.

గీతా సారాభాయ్ సంగతే చూడండి. హిందుస్తానీ గాత్రం నేర్చుకున్నారు. ఆడవాళ్లు ముట్టని రోజుల్లో పఖావజ్ వాయించారు. 1946లో న్యూయార్క్ వెళ్లి జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం చెప్పి, బదులుగా ఆయన దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. వెళ్తూ వెళ్తూ ఆయనకు రామకృష్ణ పరమహంస బోధనల పుస్తకం ఇచ్చారు. సంగీతం ఎందుకు అన్న ప్రశ్నకు ఆమె తన గురువు నుంచి తెచ్చిచ్చిన సమాధానం కేజ్‌ను జీవితాంతం నడిపించింది. ఇంత జరిగినా కేజ్ మీద వచ్చిన పుస్తకాల్లో ఆమె తరచూ ఒక పేరా, కొన్నిచోట్ల పుట అడుగున చిన్న అక్షరాల్లో ఒక సూచిక. మన పుస్తకంలో ఆమె అధ్యాయం ముందు రావాలి, కేజ్ ఆమె అధ్యాయంలో ఒక పాత్రగా రావాలి. లేఅవుట్ చేసే మనిషి ఒక్క రోజులో చేయగల న్యాయం ఇది.

కేజ్ పేరు వచ్చింది కనుక అచ్చు పనివాళ్లు తెలుసుకోదగ్గ ముక్క ఒకటి చెప్పి ముందుకు పోతాను. 1961లో వచ్చిన ఆయన ‘సైలెన్స్’ పుస్తకంలో ఒక ఉపన్యాసాన్ని నాలుగు నిలువు వరసల్లో, మాటల మధ్య ఖాళీలు వదిలి అచ్చువేశారు. చదివేవాడు ఆ ఖాళీల దగ్గర ఆగాలి, లయ అందులో ఉంది. కాలాన్ని పుటలో చూపించడానికి రంగులూ గ్రాఫులూ అక్కర్లేదు, స్పేసు చాలు.

ఇక అట్ట సంగతి. ఈ మధ్య ఎలక్ట్రానిక్ సంగీతం అనగానే డిజైనర్లు నల్లటి అట్ట మీద నియాన్ రంగుల్లో శబ్ద తరంగం గీత గీసేస్తున్నారు. ఆ గీత ఎవరి పాటకైనా ఒకేలా ఉంటుంది. అది ఏ ఊరినీ, ఏ మనిషినీ చెప్పదు. 1983లో మాంచెస్టర్‌లో న్యూ ఆర్డర్ బృందం ‘బ్లూ మండే’ రికార్డుకు పీటర్ సావిల్ అట్ట వేసినప్పుడు వాళ్ల స్టూడియోలో కనిపించిన ఫ్లాపీ డిస్కునే తీసుకున్నాడు. ముందువైపు పేరు లేదు, అంచున రంగు గడులు అక్షరాలకు బదులు నిలిచాయి. ఆ సంగీతం ఏ పనిముట్టుతో పుట్టిందో ఆ పనిముట్టు రూపంలోంచే అట్ట పుట్టింది. మనం అతన్ని అనుకరించనక్కర్లేదు. అతను వెతికిన చోట వెతికితే చాలు.

అహ్మదాబాద్‌లో ఆ పనిముట్లు రెండు: వైర్లు, టేపు.

మోగ్ యంత్రం ఒక చెక్క పెట్టెలో వరసగా బిగించిన చిన్న చిన్న విభాగాలు. ఒకటి శబ్దాన్ని పుట్టిస్తుంది, ఒకటి వడకడుతుంది, ఒకటి హెచ్చుతగ్గులు చూస్తుంది. వాటిని వైర్లతో కలిపితే తప్ప ఏదీ పలకదు. వోల్టేజి ఒక్క వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి, మధ్య స్థాయి నుంచి తార స్థాయికి పోతుంది. ఆ యంత్రానికి జ్ఞాపకం లేదు. వైర్లు పీకి, గుండీలు తిప్పేశారంటే అదే శబ్దం మళ్లీ రప్పించడం దాదాపు అసాధ్యం. కాబట్టి టేపు మీద పడ్డదే మిగిలింది, పడనిది పోయింది. ఇది పుస్తకం నిర్మాణాన్నే మార్చేస్తుంది. యంత్రం ఫొటోకన్నా టేపు పెట్టెకు, దాని మీద చేతిరాతకు ఎక్కువ విలువ ఇవ్వాలి. ఏ రికార్డింగ్ స్టూడియోలోనైనా పెట్టె మీద రాసింది పేరు, తేదీ, వేగం మాత్రమే కాదు. కొట్టివేతలు, దిద్దుబాట్లు కూడా ఉంటాయి. వాటిని శుభ్రం చేసి కొత్త ఫాంటులో తిరిగి టైపు చేయకండి. ఉన్నదాన్ని ఉన్నట్టు అచ్చువేసి, పక్కన తెలుగులో వివరం ఇవ్వండి.

టేపు కొలతలోనే ఒక పాఠం ఉంది. పావు అంగుళం వెడల్పున్న టేపు స్టూడియోల్లో మామూలుగా వాడే వేగంలో సెకనుకు 15 అంగుళాలు, అంటే 38 సెంటీమీటర్ల పైచిలుకు నడుస్తుంది. మన పుస్తకం పుట వెడల్పు 22 సెంటీమీటర్లు అనుకుందాం. టేపును అసలు కొలతలో పుటకు అడ్డంగా పరిస్తే ఒక పుటలో అర సెకను కొద్దిగా దాటి పడుతుంది. తెరిచిన రెండు పుటల్లో సెకను చిల్లర. రెండు వందల పేజీల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా పరిచినా రెండు నిమిషాలు నిండవు. నేనైతే ప్రతి పుట అడుగునా ఆ పావు అంగుళం పట్టీని లేత బూడిదరంగులో నడిపిస్తాను. పుట తిప్పే పాఠకుడు ఆ మనుషులు టేపును చేత్తో కోసి, అతికించి కూర్చిన కాలం పొడవెంతో వేళ్లతో తెలుసుకుంటాడు.

అధ్యాయాలకు రచనల పేర్లే పెట్టాలి. శర్మ చేసినవాటిలో ‘యుద్ధం తర్వాత’ అనే అర్థమొచ్చే పేరుంది. మాథుర్‌కు తంబూరా వాయించిన రోజును తలుచుకునే పేరున్న రచన ఉంది, పక్షుల పేరు మీద ఒకటి ఉంది. అతుల్ దేశాయ్ 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శనకు రికార్డు చేశాడు. ఆర్కిటెక్చర్ చదువుకుంటున్న కుర్రవాడు జోషిపురా ‘స్పేస్ లైనర్ 2001’ చేశాడు. ఈ పేర్లు వరసగా చదివితే చాలు, వీళ్లు అమెరికాను అచ్చు గుద్దలేదని తెలిసిపోతుంది. తంబూరా శ్రుతి నుంచి అంతరిక్షం దాకా వాళ్ల మనసులో ఉన్నదే యంత్రంలోకి వెళ్లింది. ప్రతి రచనా కుడి పుటలో మొదలవ్వాలి, ఎడమ పుట ఖాళీగా వదలాలి. పాఠకుడు అక్కడ ఆగి రికార్డు పెట్టుకుని వినాలి. కాగితం దండగ అని ప్రచురణకర్త అంటాడు. ఈ ఒక్క చోట ఆయనతో గట్టిగా పోట్లాడతాను.

తెలుగు అక్షరం సంగతి క్లుప్తంగా. మన లిపికి కింద వత్తులు, పైన తలకట్లు, గుడులు. ఎలక్ట్రానిక్, ఇన్‌స్టిట్యూట్ లాంటి మాటలు ఒకదాని కింద ఒకటి పడినప్పుడు వరసల మధ్య ఎడం చాలకపోతే ఒక వరస వత్తులు కింది వరస గుడుల్లో చిక్కుకుంటాయి. ఇంగ్లీషు పుస్తకం లేఅవుట్ తెచ్చి తెలుగు పోసేస్తే జరిగేది అదే. ఎడం పెంచండి, పేజీలు పెరిగితే పెరగనివ్వండి. బైండింగు కుట్టుదే కావాలి, జిగురుతో అంటించింది వద్దు. వైర్ల ఫొటో రెండు పుటల మీద పరిచినప్పుడు మధ్య మడతలో సగం వైర్లు మునిగిపోతే ఏది దేనికి కలిసిందో కనిపించదు.

ఖర్చు తగ్గించుకోవడానికి దారుంది. పుస్తకం అంతా మంచి మ్యాప్‌లితో కాగితం మీద నల్ల సిరాతో వేసి, ఒక్క 16 పేజీల ఫారం మాత్రం ఆర్ట్ పేపరు మీద రంగుల్లో వేయండి. ఆ 16 పేజీల్లో యంత్రానికి రెండు, ట్యూడర్‌కు ఒకటి, స్టూడియోకూ ఆ భవనానికీ మూడు ఇవ్వండి. మిగిలిన పది ఆ ఐదుగురివి, మనిషికి రెండు చొప్పున. ఫొటో దొరకని మనిషి ఉంటే ఆ రెండు పుటలూ ఇంకొకరికి పంచకుండా టేపు పెట్టె బొమ్మతో ఆ పేరు మీదే ఉంచండి.