ఆగుచోట ఆగిపోవు ఇంజను
(తోటపల్లి గూడూరు రైతులకు, బండ్ల యజమానులకు చేసిన ప్రసంగ పాఠము)



ఒకప్పుడు ఈ ప్రాంతమున ధాన్యము బస్తాలు నెల్లూరు చేరవలెనన్న ఎద్దుబండియే ఆధారము. ఎద్దు అలసినచో రైతుకు తెలియును. అది నడక తగ్గించును, నురుగు కక్కును. నేడు వరిచేల ప్రక్కనే రొయ్యల గుంటలు వెలసినవి. ఎద్దుబండి పనిని చిన్న ట్రక్కు చేయుచున్నది. 2005లో టాటా ఏస్ విపణికి వచ్చిన పిమ్మట ఇట్టి చిన్న బండ్లు పల్లెలలో విస్తారముగ వ్యాపించినవి. ఈ బండికిని జబ్బులు కలవు. వానిని తెలుపు గురుతులును కలవు. అట్టి జబ్బులలో ఒకదానిని గూర్చి నేడు ముచ్చటింతము.

బండి పరుగెత్తునంతసేపు బాగుగనే యుండును. కాలువ వంతెనవద్ద బ్రేకు వేసి నిలుపబోగా ఇంజను ఆగిపోవును. తాళము త్రిప్పగనే మరల నడచును. కనుక పలువురు దీనిని స్వల్ప విషయముగ భావింతురు. అది పొరపాటు. బ్రేకు త్రొక్కు పాదమునకు బలమిచ్చు బూస్టరు, ఇంజను నడచుచున్నంతవరకే పూర్తిగా పనిచేయును. ఇంజను ఆగిన పిమ్మట ఒకటి రెండు త్రొక్కులకు మాత్రమే నిలువ బలముండును. తరువాత పెడలు రాయివలె బిగుసుకొనును. మంచులో సర్దిన రొయ్యల బరువుతో బండి, ఎదుట బడిపిల్లలు - అట్టి సమయమున ఏమగునో మీరే యోచింపుడు. అట్లు జరిగినచో పెడలును మాటిమాటికి వదలక, బలమంతయు పెట్టి ఒకేసారి అదిమిపట్టవలెను. చేతిబ్రేకును క్రమముగా లాగవలెను.

ఇట్టి బండిలో మేము ఇటీవల ప్రయాణము చేసితిమి. మూడు మైళ్లలో నాలుగుమార్లు ఆగినది. యజమాని అప్పటికే క్రొత్త బ్యాటరీ కొనెను. సెల్ఫు మోటారు మార్పించెను. జబ్బు మాత్రము పోలేదు. తుదకు డీజిల్ ఫిల్టరు అడుగు మర విప్పి గాజు గ్లాసులో పట్టగా, అడుగున రెండు వ్రేళ్ల మందము నీరు తేలినది. రొయ్యల గుంట జనరేటరుకై డ్రమ్ములో నిలువయుంచిన డీజిలును బండిలో పోయుటయే కారణము. వేల రూపాయల వ్యయము తీర్పలేని జబ్బును ఒక గాజు గ్లాసు బయటపెట్టినది.

ఇది నిలుపునపుడే ఏల కలుగును? బండి పోవునపుడు దాని వేగమే ఇంజనును త్రిప్పుచుండును. క్లచ్ త్రొక్కిన క్షణమున ఇంజను తన కాళ్లపై తాను నిలువవలెను. అప్పుడది ఉద్ధరిణెడు నూనెతో వెలుగు దీపము వంటిది. వత్తిపై నీటిచుక్క పడినను, నూనె అందకున్నను కొండెక్కును.

కావున ఏ భాగమును మార్చకముందు నాలుగు విషయములు గమనింపుడు.

మొదటిది: గేరు న్యూట్రలులో పెట్టి నిలిపినపుడు ఆగక, గేరులో నుండగా క్లచ్ త్రొక్కి నిలిపినపుడే ఆగుచున్నదా? అట్లయిన దోషము క్లచ్‌లో నుండవచ్చును. అది పూర్తిగా విడువక ఇంజనును పట్టి లాగుచుండును.

రెండవది: ట్యాంకులో డీజిలు తక్కువైనపుడే ఆగుచున్నదా? తలపై బిందెతో పోవు స్త్రీ హఠాత్తుగా నిలిచిన నీరు ముందుకు తొణకును గదా! బ్రేకు వేసినపుడు డీజిలును అట్లే ముందుకు పోవును. గొట్టము గాలిని పీల్చును.

మూడవది: ఆగిన వెంటనే ట్యాంకు మూత విప్పిన 'బుస్సు'మని గాలి లోనికి పోవుచున్నదా? అట్లయిన గాలిరంధ్రము పూడినదన్నమాట. దానిని శుభ్రపరచిన చాలును.

నాల్గవది: ఎదుటి పలకపై ఇంజను దీపము వెలుగుచున్నదా? 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజి-6 ప్రమాణముల బండ్లలో డీజిలు సరఫరాను కంప్యూటరు నడుపును. దీపము వెలిగినచో దోషసంఖ్యను చదువు పరికరము గల మెకానిక్కునకే చూపవలెను. ఉప్పుగాలి వీచు ఈ తీరమున తీగెల అతుకులకు చిలుము పట్టుట సహజము. దానినిగూడ పరీక్షింపుమని కోరుడు.

ఈ నాలుగును కానిచో ఫిల్టరులోని నీటిని తీయించుడు. పాతబడినచో ఫిల్టరును మార్పించుడు. గొట్టముల బిగింపులు చూపించి, లోనికి చేరిన గాలిని తీయించుడు. ఈ.జి.ఆర్. వాల్వు మసిపట్టి మూతపడకున్నను ఇంజను ఇట్లే ఆగును; దానిని శుభ్రపరుపవలెను. పెట్రోలు, గ్యాసు బండ్లలో గాలి ప్రవేశించు థ్రాటిలును, బ్రేకు బూస్టరు గొట్టమును చూడవలెను. నిలిచియున్న బండిలో బ్రేకు పలుమార్లు త్రొక్కినపుడు ఇంజను క్రుంగినచో ఆ గొట్టము చిల్లిపడియుండవచ్చును.

రెండు హెచ్చరికలు. పాత బండ్లలో స్లోస్పీడు మర త్రిప్పి ఇంజను వేగము పెంచి జబ్బును దాచవలదు. అది జ్వరమును దుప్పటితో కప్పుట వంటిది. క్రొత్త డీజిల్ ఇంజనులలో గొట్టములను స్వయముగ విప్పవలదు. అందలి ఒత్తిడి వాతావరణపు ఒత్తిడికి వేయిరెట్లు మించును. ఆ ధార చర్మమును చీల్చి లోనికి దూరగలదు.

బండి ఎప్పుడు, ఏ గేరులో, ఎంత డీజిలుతో నుండగా ఆగినదో ఒక కాగితముపై వ్రాసి మెకానిక్కునకిండు. వైద్యునికి రోగలక్షణములు చెప్పక మందడుగువారము కాము గదా! బండి విషయమునను అట్లే మెలగిన మీ ధనము మిగులును. త్రోవన పోవు బిడ్డ క్షేమముగ ఇల్లు చేరును.