కప్పును తట్టి చూడు

ఇవాళ నేను సక్సెస్ స్టోరీ చెప్పడానికి రాలేదు. పదకొండు నెలలు ఇంట్లో కూర్చుని, అడిగినవాళ్లందరికీ "ప్రిపేర్ అవుతున్నా" అని అబద్ధం చెప్పిన కథ చెప్తాను.

మాది గోదావరిఖని. మా బాపు సింగరేణిలో, భూగర్భ గనిలో పనిచేసి రిటైర్ అయ్యాడు. నేను బీటెక్ ఈఈఈ. చదువు కాగానే హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూకి వెళ్లాను. "మీ ప్రాజెక్ట్ గురించి చెప్పండి" అన్నారు. రెండు మాటలు చెప్పాక నోరు పెగల్లేదు. ఆ రాత్రే ఇంటికొచ్చేశాను. మళ్లీ ఎక్కడా అప్లై చేయలేదు.

మా ఊళ్లో షిఫ్టు సైరన్ మోగుతుంది కదా. అది మోగినప్పుడల్లా ఎవరో ఒకరు పనికి పోతున్నారు, నేను మాత్రం దుప్పటి కప్పుకుని ఫోన్ చూస్తున్నాను అనిపించేది. ఫోన్ తీస్తే "భయాన్ని చంపెయ్" అనే వీడియోలే. చూసినంతసేపు ధైర్యం, ఆపేశాక మళ్లీ అదే దడ.

ఒకరోజు బాపును అడిగాను. "బాయిల దిగేటప్పుడు నీకు భయం కాలేదా?"

"ఎందుకు కాదు బిడ్డా? రోజూ అయ్యేది. భయం లేనోని పక్కన పనిజేసుడే అసలు భయం" అన్నాడు.

తర్వాత వాళ్ల పని ఎట్లా ఉంటుందో చెప్పాడు. బ్లాస్టింగ్ అయ్యాక వెంటనే లోపలికి పోరు. పొగ పోయేదాకా ఆగుతారు. సర్దార్ గ్యాస్ ఉందేమో చూస్తాడు. తర్వాత కప్పును, అంటే తల మీద ఉన్న రాయిని, కర్రతో తట్టి వింటారు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల విడిపోయి ఉంటే డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల ఉన్నచోట వదులు రాళ్లు దింపుతారు, సపోర్ట్ పెడతారు. అప్పుడే అడుగు వేస్తారు.

"ఒక్కచోట డొల్ల ఉందని బాయి మూసుకుని ఇంటికి రాం కదా" అన్నాడు.

నేను చేసింది సరిగ్గా అదే. ఒక్కచోట డొల్ల శబ్దం వినగానే మొత్తం బాయి మూసేశాను.

ఆ రాత్రి నోట్‌బుక్ తీసి నా భయాలు రాసుకున్నాను. "నాకు ఇంగ్లీష్ రాదు. సబ్జెక్ట్ రాదు. నేను పనికిరాను." ఒక్కొక్కటీ తట్టి చూశాను. రెండు నిమిషాలు ఇంగ్లీష్‌లో మాట్లాడి ఫోన్‌లో రికార్డ్ చేసి విన్నాను. తప్పులున్నాయి, కానీ అర్థమవుతోంది. మోటార్ల పాఠం తీసి పాత ప్రశ్నలు చేశాను. సగానికి పైగా వచ్చాయి. మరి డొల్ల ఎక్కడ? ప్రాజెక్ట్ దగ్గర. ఎందుకంటే అది నేను చేసింది కాదు, డబ్బులిచ్చి కొన్నది. ఇంటర్వ్యూలో నోరు పెగలకపోవడానికి కారణం నా తెలివి కాదు. చేయని పని గురించి చెప్పబోయాను, అంతే.

"నేను పనికిరాను" అనేదానికి రిపేర్ లేదు. "ప్రాజెక్ట్ చేయలేదు" అనేదానికి ఉంది.

తెలిసినాయన మోటార్ వైండింగ్ షాపులో రెండు నెలలు కూర్చున్నాను. త్రీ ఫేజ్‌లో ఒక ఫేజ్ పోతే మోటార్ ఎట్లా కాలిపోతుందో కళ్లారా చూశాను. దాన్ని ఆపే చిన్న ప్యానెల్ నా చేతులతో కట్టాను. మొదటిసారి పనిచేయలేదు. రిలే కనెక్షన్ తప్పు ఇచ్చాను. మార్చాను, పనిచేసింది.

తర్వాతి ఇంటర్వ్యూలోనూ రిజెక్ట్ అయ్యాను. కానీ ఈసారి ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయానో నాకు తెలుసు. ఆ రాత్రే అది చదివాను. ఆ పైదాంట్లో ఉద్యోగం వచ్చింది. జీడిమెట్లలో కంట్రోల్ ప్యానెళ్లు చేసే చిన్న యూనిట్. జీతం గొప్పది కాదు. పని మాత్రం నాకు తెలిసిన పని.

అయితే ఫ్రెండ్స్, అన్ని అడ్డాలూ మనలోనే ఉండవు. 1952 గనుల చట్టం ప్రకారం ఆడవాళ్లు భూగర్భ గనుల్లో పనిచేయకూడదని ఉండేది. 2019లో కేంద్రం ఆ నిబంధన సడలించింది. ఆ తర్వాత భూపాలపల్లి సింగరేణి కార్మికుడి కూతురు రాసకట్ల సంధ్య, భూగర్భ గనిలో పనిచేయడానికి సెకండ్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ సాధించింది. తలుపు మూసి ఉండటం వేరు, మనమే గడియ పెట్టుకోవడం వేరు. ఏది ఏదో తెలియాలన్నా ముందు తట్టి చూడాల్సిందే.

ఈ రాత్రి ఒక్క పని చేయండి. మీ భయాన్ని ఒక్క వాక్యంలో రాయండి. అందులో "నేను పనికిరాను" అని ఉంటే కొట్టేసి, ఖచ్చితంగా ఏం రాదో రాయండి. రేపు దాన్ని తట్టి చూడండి. ఖంగుమంటే ముందుకు పోండి. డొల్ల అయితే సపోర్ట్ పెట్టుకుని పోండి.

నాకు ఇప్పటికీ కొత్త పని ఇస్తే దడగానే ఉంటుంది. బాపుకు ఫోన్ చేసి చెప్తే ఒక్కటే అడుగుతాడు.

"తట్టి చూసినవా బిడ్డా?"