తుంటి ఆపరేషన్ తరువాత సంసారం: అడగడానికి సిగ్గెందుకు?

(షోలాపూర్‌లో కార్మిక కుటుంబాల ముందు యూనియన్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేటు గురించి, బోనస్ గురించి మనం గేటు దగ్గర గొంతెత్తి అడుగుతాం. డాక్టరు ముందు కూర్చుంటే మాత్రం నోరు పెగలదు. తుంటి కీలు మార్పించుకున్నవారు "షిఫ్టుకు ఎప్పుడు పోవచ్చు?" అని అడుగుతారే గాని, "మేము భార్యాభర్తలుగా ఎప్పుడు కలవొచ్చు?" అని అడగరు. అడగకపోతే చాలామంది డాక్టర్లూ చెప్పరు. ఒకరికి భయం, ఒకరికి అనుమానం. పక్కలు వేరవుతాయి, మనసులూ వేరవుతాయి. అందుకే ఈ మాట దాపరికం లేకుండా చెప్పదలచాం.

1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నెతో ఈ ఆపరేషన్‌కు ఇప్పటి రూపం ఇచ్చారు. ఇది నొప్పి లేని బతుకు కోసం. ఆ బతుకులో సంసారమూ ఉంది. నొప్పి పోయాక మునుపటికంటే సుఖంగా ఉన్నామని చెప్పేవారు చాలామంది.

ఎప్పుడు? సాధారణంగా సుమారు 6 వారాలకు. గాయం, కండరాలు మానాలి. మీ విషయంలో సర్జన్ చెప్పిందే లెక్క.

ఎలా? కొత్త కీలు జారకుండా చూసుకోవాలి. వెనుక వైపు నుంచి చేసిన ఆపరేషన్ అయితే తుంటిని 90 డిగ్రీలకు మించి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. ముందు వైపు నుంచి చేస్తే జాగ్రత్తలు వేరు, అడిగి తెలుసుకోండి. మొదట్లో ఆపరేషన్ అయినవారు, ఆడైనా మగైనా, కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి వెల్లకిలా పడుకోవాలి. శ్రమ రెండోవారు పడాలి. లేదా ఆపరేషన్ కాని వైపుకు ఒత్తిగిలి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోవాలి. నేల మీద చాప వద్దు, ఎత్తుగా ఉన్న మంచం మేలు.

ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వచ్చి, కాలు పొట్టిగానో వంకరగానో కనిపించి, మోపలేకపోతే కీలు జారిందన్నమాట. మాలిష్ చేయించవద్దు, నాటు కట్టు కట్టించవద్దు. కాలు కదపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సోదరులకు ఒక మాట. ఆపరేషన్ అయింది భార్యకైతే, ఆమె "ఇంకా నొప్పిగా ఉంది" అంటే ఆగాలి. ఓర్చుకోమనడం మగతనం కాదు. దగ్గర కూర్చుని చేయి పట్టుకోవడమూ సంసారమే.

నోటితో అడగలేకపోతే చీటీ మీద రాసి డాక్టరుకో, నర్సుకో ఇవ్వండి. ఆ చీటీ మరాఠీలో రాయలేనివారు మొహమాటపడకుండా మా దగ్గరికి రండి, రాసిపెడతాం. మీ మాట మా గడప దాటదు.