మొదటి జీతం తరువాత



పట్టాలు అందుకున్న హోసూరు, కృష్ణగిరి బిడ్డలైన మీకు ఫ్యాక్టరీ గురించి కొత్తగా చెప్పేదేముంది? 1980లో ఇక్కడ అశోక్ లేలాండ్ వచ్చింది. అదే ఏడు టీవీఎస్ మోపెడ్, 1987లో టైటాన్ గడియారం. వానను నమ్ముకుని రాగులు పండించిన మోరసునాడు ఇళ్లలోకి నెలజీతం అడుగుపెట్టింది. ఆనాడు ట్రైనీగా చేరినవాడి జీతమూ తక్కువే. కానీ పర్మనెంటు అయ్యాడు, జీతం పెరిగింది, బ్యాంకు అప్పిచ్చింది, మిద్దె లేచింది. మీలో కొందరి ఫీజులు ఆ జీతమే కట్టింది.

ఇప్పుడు సెల్‌ఫోన్ భాగాలు, కరెంటు స్కూటర్లు. మన పోచంపల్లి (చీరల పోచంపల్లి కాదు) ఫ్యాక్టరీని ఆడవాళ్లే నడుపుతారని 2021లో ఓలా ప్రకటించింది. మంచిదే. అయితే తక్కువ జీతం ఫ్యాక్టరీ ఊరికి మేలా, కీడా? బంగ్లాదేశ్‌లో కుట్టు ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఊళ్లలో ఆడపిల్లలు ఎక్కువ చదివారని, పెళ్లిళ్లు ఆలస్యమయ్యాయని ఆర్థికవేత్తలు హీత్, మొబారక్ 2015లో చూపారు. ఇథియోపియాలో పరిశోధకులు బ్లాట్‌మన్, డెర్కన్ లాటరీ తీసి ఫ్యాక్టరీ ఉద్యోగాలిప్పించి చూస్తే, ఏడాదిలోపే నాలుగింట మూడొంతుల మంది మానేశారు. బయటి చిల్లర పనుల్లోనూ అంతే వచ్చేది మరి! నన్నడిగితే, మొదటి జీతం ఎంతన్నది కాదు, అయిదో ఏట అది ఎంతన్నదే అసలు ప్రశ్న.

ఒక కాంట్రాక్టు కార్మికురాలి జీతం చీటీ తీసుకుందాం. బేసిక్, డీఏ కలిపి 15,000. పీఎఫ్‌కు 1,800, ఈఎస్‌ఐకి 113 పోతాయి. హాస్టలు, క్యాంటీను కోతలుంటే అవి వేరే. కాంట్రాక్టరు మారాడనుకోండి. అదే లైను, అదే పని, జీతం మాత్రం మళ్లీ మొదటికి. పాత కాంట్రాక్టరు పని మానిన తేదీ ఎక్కించకపోతే పీఎఫ్ డబ్బు కొత్త ఖాతాకు కదలదు. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. ముక్కలైన సర్వీసును కలుపుకోలేనివాళ్లకు అది అందని మానిపండే. చివరి పీఎఫ్ జమ తరువాత రెండు నెలలు దాటితే ఆ తేదీని కార్మికురాలే ఆన్‌లైన్లో ఎక్కించుకోవచ్చు. ఆ సంగతి ఆమెకు చెప్పే నాథుడు లేడు.

రేపు హెచ్ఆర్‌లో, అకౌంట్స్‌లో కూర్చునేది మీరే. ఆ తేదీ ఎక్కించండి, ఎక్కించుకోవడం నేర్పండి. మూడేళ్లు పనిచేసిన అమ్మాయి పేరు ఇంకా ట్రైనీల జాబితాలోనే కనబడితే, సంతకం పెట్టేముందు ఎందుకని అడగండి.