పెండ్లి తెర
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నన్ను ప్రసంగింపుమన్నప్పుడు భారతమునుండియో భాగవతమునుండియో ఒక ఘట్టము వినిపింతునని పలువురు తలచియుందురు. నేను మాత్రము నేడు ఒక బట్టను గూర్చి మాటలాడదలచినాను. అది మన పెండ్లిండ్లలో వధూవరుల నడుమ పట్టెడి అడ్డుతెర. ఇందులో భారతము ప్రసక్తి రాకపోదు. దాని చోటున అది వచ్చును.

ఉత్తరదేశమున పెండ్లికూతురు మోమునిండ ముసుగు వేసికొనును. క్రైస్తవ సోదరుల వివాహములలో సన్నని తెల్లబట్ట ఆమె తలమీదినుండి జారుచుండును. మన సీమలో పెండ్లికూతురికి నుదుట బాసికమే గాని ముసుగు లేదు. మన ముసుగు ఇద్దరికిని నడుమ నిలుచును. ఆమె అతనిని చూడదు, అతడు ఆమెను చూడడు. మరుగు ఇద్దరికిని సమానమే. జీలకర్ర బెల్లము తలలపై ఉంచిన పిదప తెర తొలగును, చూపులు కలియును. ఆ చూపునే ఆపస్తంబ గృహ్యసూత్రము సమీక్షణమని ఒక క్రియగా చెప్పినది. మన భాషలో తెర యనగా అల యని కూడ అర్థము. నిలుచుటకు గాక తొలగుటకే పుట్టినది గనుక ఈ బట్టకు ఆ పేరు తగియున్నదని నాకు తోచును.

తిరుపతి నీడన బ్రతుకు వారికి తెర క్రొత్త గాదు. నైవేద్యవేళ స్వామి సన్నిధిలో తెర వేయుదురు. త్యాగరాజస్వామి తిరుమలకు వచ్చినప్పుడు తెర వేసియుండగా గౌళిపంతు రాగమున కీర్తన పాడిరనియు, తెర తానై తొలగెననియు పెద్దలు చెప్పుదురు. ఆయన వేడుకొన్నది లోపలి తెరను గూర్చి. అది వేరు మాట. ఏడాదికి నాలుగు మారులు కొండమీద కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరుగును. ఆ సందర్భమున తిరుపతి దర్జీ ఒకరు తాను కుట్టిన పరదాలను స్వామికి సమర్పించుట మీరు పత్రికలలో చదివియుందురు. స్వామివారికి చేతికుట్టు పరదా, మన పిల్లలకు మాత్రము అద్దె తెర! నేడు కల్యాణమండపములలో అలంకరణవారే తళుకుల తెర తెచ్చుచున్నారు, ముహూర్తము కాగానే మడిచి తీసికొనిపోవుచున్నారు. వారి వ్యాపారమును నేను తప్పుపట్టను. అయినను ఆ తెర ఎవరి ఇంటిది?

గత సంవత్సరము మా చెల్లెలు తన కూతురి పెండ్లికి తెర తానే కుట్టెదననినది. బట్ట తెచ్చు పని మేనమామనగు నాపై పడినది. వెంకటగిరి నేత ఎంతటి సొగసైనదో మీకు చెప్పనక్కరలేదు. ఆ ఊరు 2022లో తిరుపతి జిల్లాలో చేరి మనదే అయినది. అయితే ఆ బట్ట మిక్కిలి సన్నన. ఆవలి మనిషి కానవచ్చునట్టి తెర తెర యెట్లగును? కావున శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు వాడెడి గాడాబట్టయే మేలని నిర్ణయించితిమి. 48 అంగుళముల వెడల్పు, 2 గజముల పొడవు గల ముక్క. పీటలమీద కూర్చున్నవారికి అది చాలును.

బట్టను తెచ్చిన రాత్రియే నీట నానవేయవలెను. గంజి పోవును, కుంగవలసినంత ముందే కుంగును. కుట్టిన పిదప కుంగినచో పువ్వులన్నియు ముడుతలు పడును. తరువాత కరక్కాయల పొడిని గేదెపాలలో కలిపి తడిపినది. కలంకారీవారు చేయునదియు ఇదే. పాలలోని క్రొవ్వు రంగును ప్రక్కకు ప్రాకనీయదు. ఆ పైన పసుపునీట ముంచి నీడన ఆరవేసినది. పసుపు రంగు ఎండకు నిలువదు. బొమ్మ గీయుటకు శ్రీకాళహస్తి పనివాడొకడు చింతపుల్లల బొగ్గు ఇచ్చినాడు. ఆ గీత దులిపిన రాలిపోవును, మచ్చ మిగులదు. నడుమ పూర్ణకలశము, దానికి ఇరువైపుల ఎదురెదురుగా రెండు చిలుకలు, అంచున మామిడిపిందెలు గీసినది. ఎర్రదారమును ఉప్పునీట నానబెట్టి, తెల్లగుడ్డపై రుద్ది, రంగు దిగుట లేదని తెలిసిన తరువాతనే సూదికి ఎక్కించినది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చినది. దిండుగలీబుకైనను రవికకైనను కుట్టునకు వెనుకవైపు ఒకటుండును. ముడులు, దాటుదారములు అన్నియు అక్కడ దాగును. తెరకు వెనుకవైపు లేదు. ఒకవైపు పెండ్లికొడుకు చూచును, రెండవవైపు పెండ్లికూతురు చూచును. ఎవరికి ముడులు చూపుదుము? మా చెల్లెలు గొలుసుకుట్టు మాని, రెండు నడకల కుట్టు పట్టినది. మొదట సూదిని పైకి క్రిందికి దూర్చుచు ఒక కుట్టు విడిచి ఒక కుట్టు వేయుచు పోవలెను. చివరకు చేరి, వచ్చిన దారినే మరలుచు విడిచిన సందులను నింపవలెను. అప్పుడు రెండు ప్రక్కల ఒకే గీత ఏర్పడును. ముడి వేయక, దారపు కొసను కుట్లలోనే దాచివేయవలెను. ధారవాడ ప్రాంతపు కసూతి పనిలో గవంతి యనునది ఇట్టిదే. క్రిందియంచును మూడు మడతలు మడిచి కుట్టినది, పంకాగాలికి ఎగురకుండ బరువుగా దిగియుండుటకు. రోజుకు రెండు గంటల చొప్పున 38 దినములు పట్టినది. లెక్కలు వ్రాసెడివాడను గనుక ఆ సంఖ్య గుర్తున్నది.

మా చెల్లెలి భర్త గతించి ఆరేండ్లైనది. తెర పూర్తియైన వారమునకు మా బంధువులలో పెద్దదగు ఒకామె వచ్చి, చూచి, “పని బాగుండాది. కానీ ఆ చేత్తో కుట్టింది ముహూర్తంలో పట్టకూడదు కదమ్మా” అనినది. చెల్లెలు బదులాడలేదు. తెరను మడిచి పెట్టెలో పెట్టి, “అద్దెకు చెప్పన్నా” అని నాతో అనినది. మా మేనకోడలు మాత్రము, “మామా, ఆ తెర లేకుంటే నేను గంపలో కూర్చోను” అని పట్టుపట్టినది. గంప మోయవలసినవాడను నేనే గదా!

మన గ్రంథాలయమునుండి ఆదిపర్వము తీసికొని పురోహితునివద్దకు పోయితిని. పాండురాజు పోయిన పిదప కుంతి చేసిన పనులను చూడుడు. ద్రౌపది వివాహమైనంతనే క్షౌమవస్త్రముతో అత్తకు మ్రొక్కగా, సంతానము కలుగునట్లును సౌభాగ్యము నిలుచునట్లును దీవించినది కుంతియే. అది అమంగళమని ద్రుపదుని ఇంట ఒక్కరైనను అన్నట్లు వ్యాసుడు వ్రాయలేదు. పురోహితుడు నవ్వి, “భారతందాక ఎందుకండీ, మన సూత్రంలోనే ఉందిగా!” అనెను. నిజమే. వివాహమందలి ఆచారములను స్త్రీలనుండి తెలిసికొనవలెనని ఆపస్తంబుడే చెప్పినాడు. ఏ స్త్రీలనుండి యని విడదీసి చెప్పలేదు. 1856లో వితంతు పునర్వివాహ చట్టము వచ్చినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించిరి. వితంతువు తానే మరల పీటపై కూర్చుండవచ్చునని తేలి 140 ఏండ్లు దాటగా, కన్నబిడ్డ పీటముందు నిలుచు బట్టకు ఆమె సూది గ్రుచ్చరాదా?

నా వాదనలు విని బంధువులు మెత్తబడిరని చెప్పజాలను. మగపెండ్లివారి ఎరుకలేక పట్టుట మర్యాద గాదని, తెరను సంచిలో పెట్టుకొని వారి ఊరికి పోయి, ఉన్నదున్నట్లు చెప్పితిని. పెండ్లికొడుకు నాయనమ్మ ఎనుబది దాటినది, కన్ను సరిగా ఆనదు. ఆమె తెరను ఒడిలో పరచుకొని చేతితో తడిమినది. త్రిప్పి రెండవ ప్రక్క తడిమినది. మరల మొదటి ప్రక్క. “ముడి యాడుంది నాయనా?” అని అడిగినది. లేదంటిని. కొంత తడవు చూచి, “పెండ్లైనాక మీ చెల్లెల్ని నాలుగు దినాలు మా ఇంటికి పంపు. మా పిల్లకాయలకి ఈ కుట్టు నేర్పిస్తుంది” అనినది. ఆ ఇంట మరెవ్వరును మాటలాడలేదు.

ముహూర్తమునకు తెర ఒక కొస నేను పట్టితిని, రెండవ కొస పెండ్లికొడుకు మేనమామ పట్టినాడు. నావైపునుండి చూడగా చిలుకలు ఎట్లున్నవో ఆయన వైపునుండియు అట్లే ఉన్నవని ఆయనయే నాతో చెప్పినాడు. మా చెల్లెలు మాత్రము స్తంభము చాటుననే నిలిచినది. ముందుకు రమ్మని కూతురు కన్నులతో పిలిచినను రాలేదు. ఏండ్లతరబడి అలవాటైన చోటు ఒక్క పూటలో మారునా?

తెరను చల్లనినీట జాడించి, నీడన ఆరబెట్టి, వేపాకు వేసి దాచినాము. అప్పటినుండి మా వీధిలో రెండు పెండ్లిండ్లకు అడిగి తీసికొనిపోయి, మరల తెచ్చియిచ్చినారు. ఎవరి పెండ్లికి, ఏ తేదిన అని నేనొక పుస్తకమున వ్రాసి ఉంచుచున్నాను.

అధ్యక్షులవారి అనుమతితో ఒక్క మనవి. వచ్చు ఆదివారము మొదలు మధ్యాహ్నము మూడు గంటలకు ఈ గ్రంథాలయపు వసారాలో మా చెల్లెలు ఆ రెండు నడకల కుట్టును నేర్పుటకు ఒప్పుకొన్నది. ఎవరైనను రావచ్చును, రాదగినవారెవరు, రాదగనివారెవరు అను విచారణ ఇక్కడ లేదు. గాడాబట్ట జానెడు చాలును, సన్నసూది ఒకటి కావలెను. ఎర్రదారమును మాత్రము ముందురాత్రియే ఉప్పునీట నానవేసి తెచ్చుకొనవలెనని ఆమె మరీమరీ చెప్పుమనినది.